క్యాంప్ జట్టు బౌలర్

దోహాలో ఒక పెద్ద కంపెనీ జట్టును మేము ఒక్కసారే ఓడించాం. అది కూడా ఓడించకుండా ఉంటే బాగుండేదని మా వికెట్ కీపర్ ఇప్పటికీ అంటుంటాడు. అతను నవ్వుతూనే అంటాడు. నాకే నవ్వు రాదు.

మాది దోహాకు ఉత్తరాన అల్ ఖోర్ దగ్గర ఒక లేబర్ క్యాంప్. తెల్లవారకముందే బస్సులెక్కి రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటు పనులకు పోయి, ఎండ తగ్గాక తిరిగి వస్తాం. నేను అక్కడ స్టోర్‌లో పని చేస్తాను. బోల్టులు, తాళ్ళు, చేతి తొడుగులు, హెల్మెట్లు ఇవ్వడం, తీసుకోవడం నా డ్యూటీ. శుక్రవారం సెలవు. మిగతావాళ్ళు బట్టలు ఉతుక్కుని, ఇంటికి ఫోన్లు చేసుకుని పడుకునే పూట మేము క్యాంప్ వెనక ఖాళీ జాగాలో క్రికెట్ ఆడేవాళ్ళం. జట్టును కూడగట్టేది, నడిపేది నేనే. మొత్తం జట్టు కూడిన రోజులు తక్కువ. ఎవరికో ఒకరికి ఓవర్‌టైమ్ పడేది.

జాగా అంటే ఇసుక, గులకరాళ్ళు. పిచ్ మాత్రం మాది గొప్పది. సైట్ నుంచి తిరిగి వెళ్ళే కాంక్రీట్ బండి డ్రైవర్ ఒకతను, మిగిలిన మాలును ఎక్కడో పారబోయడం ఎందుకని ఫోర్‌మన్‌ను అడిగి మా జాగాలో పోశాడు. మాలో మేస్త్రీలకు కొదవ లేదు. మట్టం చూసి, బద్దతో లాగి, తాపీలతో నున్నగా చేశారు. దోహాలో డబ్బు కట్టి ఆడే గ్రౌండుల్లో కూడా నేను అంత మంచి పిచ్ చూడలేదు. టెన్నిస్ బంతికి కరెంటు టేపు చుట్టి దాని మీద ఆడేవాళ్ళం.

కీపర్ నిజామాబాద్ ముస్లిం. ఏసీ మెకానిక్. అందరికంటే పెద్దవాడు, అందరికీ భాయ్. బౌలర్ మెట్‌పల్లి వైపు పల్లె నుంచి వచ్చినవాడు, రాడ్ బైండింగ్ పని. రోజంతా ఇనుప కడ్డీల మీద వంగి తీగ మెలిపెట్టే మనిషి సెలవు రోజున నడుము వాల్చాలని చూస్తాడు. ఇతను మాత్రం అందరికంటే ముందు లేచి వచ్చి పిచ్ మీది ఇసుక ఊడ్చేవాడు. ఎడమచేతి వాటం. పరుగు తక్కువ, చేతి వేగం ఎక్కువ. బంతి నేరుగా వచ్చి బ్యాట్స్‌మన్ బూటు ముందు పడి బ్యాటు కింది నుంచి వికెట్లలోకి దూరేది. పెద్దగా మాట్లాడేవాడు కాదు. వికెట్ పడ్డప్పుడు కూడా ఎగిరి గంతులు వేసేవాడు కాదు, వెనక్కి తిరిగి తన చోటికి నడిచేవాడు.

చలికాలంలో దోహాలో టేప్ బంతి టోర్నమెంట్ జరుగుతుంది. క్యాంప్ బాస్‌ను బతిమాలి లేబర్ బస్సే తీసుకుని వెళ్ళేవాళ్ళం. ఆ ఏడాది మాకు ఆ పెద్ద కంపెనీ జట్టుతో మ్యాచ్ పడింది. వాళ్ళ యజమానికి ఆట పిచ్చి. బాగా ఆడేవాళ్ళను వెతికి వెతికి వీసా ఇచ్చి తెప్పించి, పేరుకు ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. వాళ్ళకు సొంత కోచ్ ఉన్నాడు. వీపు మీద పేర్లున్న జెర్సీలున్నాయి. గ్రౌండు పక్కన టెంటు వేసి మంచుపెట్టెల్లో జ్యూసులు పెట్టుకున్నారు. మేము ఒకే రంగు టీషర్టులు కొనుక్కున్నాం గానీ, ఉతికిన కొద్దీ ఒక్కొక్కటి ఒక్కో రకంగా వెలిసింది.

ఎలా గెలిచామో పూర్తిగా చెప్పలేను, చివరిదాకా గెలుస్తామని మాకే నమ్మకం లేదు. చివరి ఓవర్ మా బౌలర్ వేశాడు. క్రీజులో ఉన్నవాడు ఇంటి దగ్గర రాష్ట్ర జట్టుకు ఆడినవాడట. రెండు బంతులు బ్యాటుకు అందలేదు. మూడోది మధ్య వికెట్‌ను లేపేసింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఊపడమే తప్ప ఏమీ చేయలేకపోయారు. భాయ్ గ్లవ్స్ విసిరేసి పరుగెత్తుకుంటూ వెళ్ళి బౌలర్ ఎడమచేతిని పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. అల్ ఖోర్ వచ్చేదాకా బస్సులో ఎవరూ కూర్చోలేదు.

మరుసటి శుక్రవారం మా జాగా పక్కన ఒక తెల్లటి పెద్ద కారు ఆగింది. దిగిన మనిషి ఆ జట్టు మేనేజర్. గోదావరి జిల్లాల మనిషి, మర్యాదస్తుడు. మా అందరికీ జ్యూస్ సీసాలు తెచ్చాడు. కాసేపు ఆట చూసి నన్ను పక్కకు పిలిచాడు.

"మీ కుర్రాడు భలే వేశాడండీ ఆవేళ. ఇలాంటోడు ఇక్కడ ఇసకలో ఆడుకుంటూ ఉండిపోతే ఏం బావుంటుంది చెప్పండి? మా ఆఫీసులో బాయ్ ఉద్యోగం ఉంది. ఏసీలో పని. దోహాలోనే, నజ్మాలో రూమిస్తాం. సాయంత్రం నెట్స్. మీరు కాదనరనే అనుకుంటున్నాను."

"నన్నడుగుడేంది సార్, ఆయన్నడుగుండ్రి," అన్నాను.

"అడిగానండీ. మా అన్నను అడిగి చెప్తానన్నాడు, అంటే మిమ్మల్నే."

మేనేజర్ వెళ్ళిపోయాక బౌలర్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. చేతిలో జ్యూస్ సీసా మూత కూడా తీయలేదు.

"ఏం జెయ్యాలె అన్నా?"

"ఏం జేసుడేంది? పో. ఎండల కడ్డీలు వట్టుకొని చేతులు కాలుతున్నయ్. నీడవట్టున పని దొరికితె ఎవడన్న వద్దంటడా?"

"మరి టీము?"

"టీము ఏడికి వోతది? ఈడనే ఉంటది."

భాయ్ దూరం నుంచే అన్నాడు. "జానే దో మియా. పోరని నసీబు మంచిగున్నది. ఆడ మంచి గ్రౌండ్ల ఆడుతడు, మనం చూసి చప్పట్లు కొడదాం."

నిజంగానే సంతోషపడ్డాం. అతను వెళ్ళే రోజు గదిలో కోడికూర వండాం. మేము కనిపెట్టిన మనిషిని పెద్దవాళ్ళు గుర్తించారని ఒక రకమైన గర్వం కూడా ఉంది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

మరుసటి చలికాలం టోర్నమెంట్ మొదలైంది. వాళ్ళ మ్యాచులు ఫోన్లో లైవ్ వస్తే మా గదిలో అందరం చుట్టూ చేరి చూసేవాళ్ళం. మా బౌలర్ కనిపించలేదు. మొదటి మ్యాచ్‌లో లేడు. తర్వాతి మ్యాచ్‌లోనూ లేడు. దెబ్బ తగిలిందేమో అనుకున్నాం. ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్నన్నా" అని వేరే మాటలు మాట్లాడేవాడు.

భాయ్ ఇంటికి డబ్బు పంపడానికి నజ్మా వెళ్ళినప్పుడు హోటల్లో అతను కనబడ్డాడట. వచ్చి నాతో చెప్పాడు.

"ఆడిస్తలేరు మియా వాన్ని. బయటి నుంచి ఇద్దరు బౌలర్లను తెచ్చిన్రట. వీడు ఆఫీసుల చాయ్ పోస్తుండు, గ్రౌండ్ల నీళ్ళు మోస్తుండు. శుక్రవారం మనతోటి ఆడుతనన్నడు. నీకు జెప్పుమన్నడు."

నాకు ఆశ పుట్టింది. టోర్నమెంట్‌లో ఒక జట్టుకు పేరు రాయించుకున్నవాడు ఆ సీజన్లో ఇంకో జట్టుకు ఆడాలంటే మొదటి జట్టు ఒప్పుకోవాలి. వాళ్ళు ఎలాగూ ఆడించడం లేదు కదా, అడిగితే ఇచ్చేస్తారనుకున్నాను. ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఉన్న వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. మేనేజర్ లేచి నిలబడి చేయి కలిపాడు. చాయ్ తెచ్చింది మా బౌలరే. నా ముందు కప్పు పెట్టి తల వంచుకుని వెళ్ళిపోయాడు.

నేను విషయం చెప్పాను. మేనేజర్ శ్రద్ధగా విన్నాడు.

"అది కుదరదండీ," అన్నాడు.

"మీరు ఆడిస్తలేరు గద సార్."

"మేం ఆడించకపోవచ్చండీ. మా దగ్గర అంతకన్నా మంచివాళ్ళున్నారు మరి. కానీ అతను మీ వైపు నుంచి మాకు ఎదురు ఆడటం వేరే సంగతి కదా. మా సార్ ఒప్పుకోరు. మీరు ఇంకోలా అనుకోవద్దు."

ఇంకోలా అనుకోవడానికి ఏమీ మిగల్చలేదు ఆయన. మా బౌలర్‌ను వాళ్ళు తీసుకున్నది ఆడించడానికి కాదు, మాకు లేకుండా చేయడానికి. అంత మర్యాదగా, అంత తేలిగ్గా ఆ మాట చెప్పగలిగాడంటే, అందులో తప్పేమైనా ఉందని ఆయనకు తోచలేదన్నమాట. చాయ్ తాగకుండా లేచాను. ఇప్పుడు ఈ దేశంలో పని మారాలంటే పాత కంపెనీ ఒప్పుకోవాల్సిన అవసరం లేదు. ఆటకు మాత్రం ఒప్పుకోవాలి.

లిఫ్ట్ దాకా బౌలర్ నా వెంట వచ్చాడు.

"ఇయ్యం అన్నరు గదా?"

"ఇయ్యం అన్నరు. ఈ నౌకరి విడిచిపెట్టి వస్తవా?"

అడిగాక నాకే సిగ్గేసింది. అతను ఫ్లోర్ వైపు చూస్తూ అన్నాడు. "ఇంటి కాడ అందరికి జెప్పుకున్నరన్నా. దుబాయ్‌ల ఆఫీసుల కొలువు అని. మళ్ళ రాడ్ పనికి పోయిన్నంటె..."

మా ఊళ్ళలో గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. లిఫ్ట్ వచ్చింది, ఎక్కాను.

ఆ సీజన్ సెమీఫైనల్లో మేము మళ్ళీ వాళ్ళకే ఎదురుపడ్డాం. అక్కడిదాకా ఎలా వచ్చామో ఆశ్చర్యమే. మాకు కొత్తగా ఒక ఓపెనర్ దొరికాడు. జగిత్యాల వైపు మనిషి, పరంజా కట్టే పని. భుజాలు బండలా ఉండేవి, బంతి అతని బ్యాటుకు తగిలితే కంచె అవతల వెతుక్కోవాల్సిందే. అతని వల్లే గెలుస్తూ వచ్చాం.

ఆ రోజు అతను కూడా తొందరగా అవుటయ్యాడు. వాళ్ళు తెప్పించిన బౌలర్ల బంతి మాకు కనబడనే లేదు. మా వాళ్ళు చాలామంది ముందు రాత్రి ఓవర్‌టైమ్ చేసి వచ్చినవాళ్ళు. నేను బ్యాటింగ్‌కు వెళ్ళేసరికే చేయడానికి ఏమీ లేదు. మధ్యలో నీళ్ళకు ఆట ఆపారు. ట్రే పట్టుకుని మా బౌలర్ వచ్చాడు, మెరిసే జెర్సీ మీద నారింజ రంగు బనీను లాంటిది తొడుక్కుని. వాళ్ళ జట్టుకు ఇచ్చాక, ఎవరూ చెప్పకుండానే నా దగ్గరికి వచ్చి ఒక సీసా అందించాడు.

"ఎడమ దిక్కు జరిగి ఆడన్నా. వాని బాల్ లోపలికి వస్తది," అన్నాడు మెల్లగా.

నేను జరిగి ఆడాను. అయినా బౌల్డ్ అయ్యాను. నాకు తెలిసినా ఆడలేని బంతి అది.

వాళ్ళు బ్యాటింగ్‌కు దిగి కాసేపట్లోనే ముగించేశారు. ఓడిపోవడం మాకు కొత్త కాదు. కానీ వాళ్ళు గెలిచినందుకు సంబరపడను కూడా లేదు. మాతో చేతులు కలుపుతూనే ఫైనల్ గురించి మాట్లాడుకుంటున్నారు. భాయ్ తన గ్లవ్స్ సంచిలో పెట్టుకుంటూ టెంటు వైపు చూశాడు. అక్కడ మా బౌలర్ ఖాళీ సీసాలు ఏరుతున్నాడు. "యల్లా, పోదాం పా," అన్నాడు భాయ్. బస్సులో అందరం కూర్చునే వచ్చాం.

ఆ తర్వాత వాళ్ళ యజమానికి క్రికెట్ మీద మోజు తీరిపోయింది. ఇప్పుడు దోహాలో డబ్బున్నవాళ్ళందరూ ఆడే ప్యాడెల్ అనే ఆట ఒకటుంది, అద్దాల గదిలో చిన్న బ్యాట్లతో ఆడతారు. ఆయన దానికి మారాడు. జట్టు రద్దయింది. బయటి నుంచి తెచ్చినవాళ్ళను పంపేశారు. జట్టు లేనప్పుడు ఆఫీసులో అదనపు బాయ్ ఎందుకని మా బౌలర్‌నూ మాన్పించారు.

వేరే కంపెనీ చూసుకోమని చాలా చెప్పాను. మా ఫోర్‌మన్‌తో మాట్లాడాను కూడా. అతను వినలేదు. ఇంటికి వెళ్ళే ముందు ఒక శుక్రవారం క్యాంప్‌కు వచ్చాడు. ఒళ్ళు చేశాడు. మేము ఆడుతుంటే గోడ పక్కన నీడలో కూర్చుని చూశాడు. భాయ్ బంతి తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టబోయాడు.

"ఒక్క ఓవర్ వెయ్ రా."

"వద్దు భాయ్. చేతిల వట్టబుద్ధి అయితలేదు."

భాయ్ బంతి తెచ్చి వేరేవాడికి ఇచ్చాడు. కలిసి అన్నం తిన్నాం. అతను ఊళ్ళో ట్రాక్టర్ నడుపుతున్నాడని తర్వాత తెలిసింది. ఆడుతున్నాడా అని ఎప్పుడూ అడగలేదు.

ఇదంతా అయిపోయిందనుకున్నాను. పోయిన నెల మేనేజర్ ఫోన్ చేశాడు. ఇప్పుడు ఇంకో కంపెనీకి జట్టు కడుతున్నాడట.

"మీ దగ్గర ఓపెనర్ ఒకాయన బాగా కొడుతున్నాడని విన్నానండీ. పరంజా పనట కదా. ఒకసారి మాట్లాడిస్తారా?"

"అసొంటోడు ఎవ్వడు లేడు సార్," అని పెట్టేశాను. చాలా రోజుల తర్వాత మనసుకు హాయిగా అనిపించింది.

ఆ సంగతి ఎలా తెలిసిందో, ఓపెనర్ రెండు రోజులకు స్టోర్ దగ్గరికి వచ్చాడు. చేతి తొడుగుల కోసం వచ్చాడనుకుని అందించబోయాను. తీసుకోలేదు.

"నేను లేనని జెప్పినవంట."

"వాళ్ళు నిన్ను ఆడించరే. కూసుండవెడ్తరు. చాయ్ పోపిస్తరు. ఆ పోరన్ని ఏం జేసిన్రో నీకు ఎరుకలేదా?"

"ఎరుకే. చాయ్ పోస్త. ఏమైతది?" అతని గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టంగా తోచింది. "గంత ఎత్తుల నిలవడి ఎండల పైపులు గుంజేది నేను గాదా? నీకు టీము గావాలె అన్నా. నాకు నీడవట్టున పని గావాలె."

నేను ఆనాడు బౌలర్‌తో అన్న మాటలే అవి. అప్పుడు అంత సులువుగా నోటి నుంచి వచ్చినవి. ఫోన్ తీసి మేనేజర్ నంబర్ చూపించాను. అతను తన ఫోన్లో ఎక్కించుకుని, తొడుగులు తీసుకుని వెళ్ళిపోయాడు.

భాయ్‌కి చెబితే గడ్డం నిమురుకున్నాడు. "మంచిగ జేసినవ్," అన్నాడు. ఆ తర్వాత "మనం మంచిగ జేసినప్పుడల్లా మనమే ఓడిపోతం మియా," అన్నాడు.

నిన్న ఓపెనర్ పెట్టె సర్దుకున్నాడు. ఈసారి గదిలో ఎవరూ కోడికూర వండలేదు.