గాలికి అడ్డంగా చారల గుడ్డ

గచ్చిబౌలి ఆఫీసులో ప్రసాద్ గారూ నేనూ పక్కపక్కనే కూర్చునేవాళ్లం. ఆయనది కాకినాడ, నాది పుప్పాలగూడ. తెలంగాణ ఉద్యమం వేడెక్కాక మా మధ్య పని మాటలు తప్ప ఏమీ మిగల్లేదు. సరిగ్గా అప్పుడే కంపెనీ ఇద్దరినీ కలిపి ఇంగ్లండ్ పంపింది.

ఒక ఆదివారం సముద్రం చూద్దామని వెళ్లాం. ఎండాకాలమే అయినా గాలికి మా పళ్లు టకటకలాడుతున్నాయి. అక్కడివాళ్లు మాత్రం కుర్చీల్లో కూర్చుని హాయిగా ఐస్‌క్రీం తింటున్నారు! మేం ఇసుకలో కూలబడ్డామో లేదో, పక్కనున్న ముసలావిడ లేచి, చారల గుడ్డ కట్టిన కర్రలను మాకూ తనకూ మధ్య సుత్తితో దిగ్గొట్టసాగింది.

"ఏంది, మనకు అడ్డం గోడ కడ్తున్నదా? లేవుండ్రి, పోదాం," అన్నాను మండిపోయి.

ఆవిడ మా వాలకం కనిపెట్టింది. "గాలి నా వైపు నుంచే వస్తోంది. మీరు వణుకుతున్నారు. నాకు అలవాటే, కూర్చోండి," అని, తను వెళ్లి ఆ గాలిలోనే కూర్చుంది. తర్వాత గుడ్డ మీదుగా ఫ్లాస్కు మూతలో టీ అందించింది.

ఉన్నది ఒకటే మూత. ప్రసాద్ గారు సగం తాగి ఆగారు. "ఎంగిలి చేసేశానండీ," అన్నారు ఇబ్బందిగా.

"అయితే ఏందన్నా? ఇటియ్యి," అన్నాను.

ఉద్యమం మొదలయ్యాక ఆయన్ని అన్నా అని పిలవడం అదే మొదటిసారి.