తోట అని ఊరికే అనరు

హోసూరులో నేను పనిచేసే కంపెనీ గేటు పక్కన పచ్చగడ్డి పరిచి, నాలుగు గులాబీలు నాటి, దానికి గార్డెన్ అని పేరు పెట్టారు. అందులో కాలు పెడితే సెక్యూరిటీ ఆయన విజిల్ ఊదుతాడు. నేను ఉండే హాస్టలు దారిలో రాళ్లు పాతిన ప్లాట్ల ముందు కూడా గార్డెన్ అనే బోర్డు ఉంది. మందుకైనా అక్కడ ఒక చెట్టు లేదు. ఇవి చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. మా అమ్మ తోట అనే మాటను ఇంత చవగ్గా ఎవరికీ ఇవ్వదు.

మాది కృష్ణగిరి జిల్లాలోని పోచంపల్లి పక్కన ఒక పల్లె. మా వైపు వానకు రాగులు, ఉలవలు పండే నేలను చేను అంటారు. నీళ్లుండి, చెట్లు నిలబడితేనే తోట. అమ్మ పెళ్లికి ముందు నుంచీ ఒక మామిడి నర్సరీలో అంటు కట్టే పనికి పోయేది. టెంక నుంచి మొలిచిన మొక్క తల కోసి, చీల్చి, ఆ చీలికలో మంచి కాపు చెట్టు పుల్లను చెక్కి దూర్చి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి చుట్టాలి. అమ్మ కట్టింది ఎండిపోయిందని నేను ఎన్నడూ వినలేదు. ఈ చుట్టుపక్కల ఎన్ని తోటల్లో ఆమె చేతి చెట్లున్నాయో ఆమెకే తెలియదు. అవన్నీ ఇంకొకరివి.

నేను కంపెనీలో చేరిన ఏడాది మా ఎగువ చేనులో బోరు వేశాం. సన్నగానైనా నీళ్లు పడ్డాయి. అమ్మ తన చేత్తో కట్టిన ఇరవై మొక్కలు నాటింది. ఊళ్లో వాళ్లు "ఏమమ్మా, తోటకు పోయినావా?" అని ఆటపట్టిస్తే, "తోట యాడిదప్పా? చేనుకే పోయినాను" అనేది. నాకు ఒళ్లు మండేది. ఆమె నడుమంతా, నా ఆదివారాలన్నీ పోసి పెంచుతున్నది తోట కాక మరేమిటి? అడిగితే ఒకటే జవాబు.

"మనం పోకున్నా నిలబడేది తోట. ఒక పూట తప్పితే వాడిపోయేది చేనే."

ఆమె నోట ఆ మాట వినే తీరాలని నాకు పంతం పట్టుకుంది.

రెండో ఏడు అక్క కాన్పుకని అమ్మ కృష్ణగిరిలో మూడు నెలలు ఉండిపోయింది. వారమంతా నాన్న నీళ్లు పెట్టేవాడు, ఆదివారం నేను బస్సు దిగేదాన్ని. అన్నిట్లోకీ ఒక మొక్క తెగ ఏపుగా లేచింది. అంతా నా చేతి చలవే అనుకున్నాను. దానికి ఒక తట్ట ఎరువు ఎక్కువేశాను. ఫోటో తీసి కంపెనీలో నా లైన్లో ఉన్న అమ్మాయిలందరికీ చూపించాను కూడా.

అమ్మ తిరిగొచ్చి ఆ మొక్క ముందు గొంతుక్కూర్చుంది. కట్టు మీది కొమ్మ ఎప్పుడో ఎండిపోయింది. అంత ఏపుగా లేచినవి కట్టు కింద నుంచి, అంటే ఆ టెంక మొక్క నుంచి వచ్చిన చిగుళ్లు. అవి కనబడగానే గిల్లేయాలి, లేకుంటే బలమంతా లాగేసుకుని పై కొమ్మను ఎండగడతాయి. అంటు కట్టే మనిషి కూతురికి ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"ఏం పాపా, టెంకకు ఎరువేసినావా?" అంది అమ్మ. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

పీకేద్దామన్నాను. ఆమె వినలేదు. ఒక్క చిగురును ఉంచి మిగతావి కోసేసింది. అది గట్టిపడ్డాక చాకు నా చేతికిచ్చి, "నువ్వే కట్టు" అంది. మొదటి పుల్ల నల్లబడింది. రెండోది మూడు వారాలకు రాగి రంగు చిగురు వేసింది. ఆ రోజు బస్సులో సీటు దొరక్కపోయినా హోసూరు దాకా నాలో నేనే నవ్వుకుంటూ నిలబడ్డాను. అమ్మ మాత్రం చూసి "ఊఁ" అంది, అంతే.

నిరుడు ఇరవై చెట్లూ కాశాయి. అంటు పుల్లలు కావాలని నర్సరీ యజమాని మా చేనుకు వచ్చాడు. తన దగ్గర కూలికి పోయిన మనిషిని వెతుక్కుంటూ ఆయనే రావడం ఊరంతా చూసింది. నేను ఆ రోజు తల ఎత్తుకునే నడిచాను, ఎందుకు దాచాలి?

ఆయన ఒక్కో చెట్టూ చూసుకుంటూ వచ్చి నా చెట్టు దగ్గర ఆగాడు. అమ్మ కట్లన్నీ ఒకే ఎత్తులో, నిటారుగా ఉంటాయి. నాది మోకాలెత్తున, పక్కకు వంగి, ఉబ్బి ఉంది.

"ఇది నీ చేతి కట్టు కాదే. ఎవురు కట్టినారమ్మా?"

నాకు పై ప్రాణం పైనే పోయింది. జరిగింది చెబితే నర్సరీలో ఏడాది పాటు నా గురించే నవ్వుకుంటారు. అమ్మ నా వైపు చూడలేదు.

"మా పాప కట్టినాది. మా తోటలో అంటు కట్టేవాళ్లు ఇద్దరుండారప్పా. ముందు ఆ చెట్టు పుల్లలే కోసుకో."

ఆయన చాకు తీశాడు. నేను కొమ్మ వంచి పట్టుకున్నాను. తోట అనే మాట కోసం అన్నేళ్లు కాచుకున్నదాన్ని, ఇద్దరు అన్న మాటకు ఏడ్చేశాను.