కవి మీదే నేరం మోపే లెక్కల సారు

మా లెక్కల సారు పోయారు. ఆదివారం పొద్దున పెనం మీద దోసె ఉండగా ఫోనొచ్చింది. సొంతూరు కుప్పం వెళ్లిన మనిషి, స్నానం చేసి కుర్చీలో కూర్చుని కాఫీ అడిగారట. కాఫీ వచ్చేలోపే వెళ్లిపోయారట. చెప్పినవాళ్లు ఏడుస్తున్నారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. 'ఇంకా కథ చివరి భాగం ఉంది కదా సార్, అప్పుడే ఏం తొందర?' అనుకున్నాను. పైకి అనుంటే మా ఇంట్లోవాళ్లు నాకు మతి పోయిందనుకునేవారు.

సారూ, నేనూ, హిందీ మేడమూ ఉండేది మదనపల్లెలో. పనిచేసేది పుంగనూరు దగ్గర ఒకే బడిలో. రోజూ సారు కారులోనే వెళ్లేవాళ్లం. ఒక ఏడాది పదో తరగతి క్లాస్ టీచరు బాధ్యత నా దగ్గర్నుంచి తీసి హిందీ మేడంకిచ్చారు. ఆమే అడిగి తీయించుకుందని నేననుకున్నాను. నేనలా అనుకున్నానని ఆమెకు కోపం. ఇక చూడండి, ఒకే కారులో ఎడమొహం పెడమొహం. సారు "ఈ పొద్దు ఎండ జాస్తిగా ఉండాది" అంటే ముందు సీట్లోంచి నేను అవునంటాను, వెనక సీట్లోంచి ఆమె కాదంటుంది. అదీ సారుతోనే.

ఒకరోజు సారు కారులో కథ పెట్టారు, ఫోన్లో వినే కథ. అందులో డిటెక్టివ్ ఒక కవి. ఉత్త కల్పన కాదు, పాలెగాళ్ల కాలంలో నిజంగా బతికిన మనిషి. ఆయన పద్యాలు మా పిల్లల పాఠాల్లో కూడా ఉన్నాయి. కథల్లో మాత్రం ఆయన సన్మానం కోసం ఏ కోటకు వెళ్లినా అక్కడ ఎవరో ఒకరు చస్తారు. పాపం, శాలువా మాట మరిచిపోయి హంతకుణ్ని వెతుకుతూ కూర్చుంటాడు. నేను సోషల్ చెప్పేదాన్ని, ఊరుకుంటానా? ఒక కథలో కవిగారు పాలెగాడింట్లో టమాటా చారు పోసుకుని అన్నం తిన్నారు.

"ఆపండి సార్. ఆ కాలంలో మనకు టమాటా యాడిది?"

"మదనపల్లెలో కూర్చోని, టమాటా లేని కాలమొకటి ఉండె అంటే ఎవురు నమ్ముతారమ్మా?" అన్నారు సారు.

వెనక సీట్లోంచి కిసుక్కున నవ్వు వినబడింది. ఎన్నాళ్లకో ఆ సీటు నవ్వింది.

తర్వాత సారు నియమాలు పెట్టారు. కథ కారులోనే వినాలి, ఇంటి దగ్గర ముందుగా వినకూడదు. చివరి భాగం పెట్టే ముందు హంతకుడెవరో ముగ్గురూ చెప్పాలి. ఏ కథైనా సారు జవాబు ఒక్కటే: "కవే సేసినాడు."

"ఆయన డిటెక్టివ్ కదా సార్!"

"అదే నేనూ సెప్తాండేది. యాడ హత్య జరిగితే ఆడ ఈయనే ఉండాడు సూడు. ఇంకెవుర్ని అనుమానించాల?"

ఇంత అడ్డగోలు వాదన విని ఎవరు ఊరుకుంటారు? నేను మొదలుపెడితే హిందీ మేడం అందుకునేది. "ఆ దివాను మాట తేడాగా లేదూ?" అని నేనంటే, "నాకూ దివాను మీదే మేడం" అనేది ఆమె. అలా మళ్లీ మాటలు కలిశాయి. కాకపోతే కారు దిగితే ఎవరి దారి వాళ్లది. పదో తరగతి ఊసు ఎవరమూ ఎత్తలేదు. హత్యల గురించి మాత్రమే మాట్లాడుకునే స్నేహం మాది.

లారీని దాటాల్సి వస్తే సారు కథ ఆపేసేవారు. దాటాక రవ్వంత వెనక్కి జరిపి మళ్లీ పెట్టేవారు. వేయించిన చెనక్కాయలు కారులో ఎప్పుడూ ఉండేవి. క్లాసులో తప్పు చెప్పిన పిల్లల్ని ఆయన కసరగా నేను చూడలేదు. "తప్పు జవాబు సెప్పేవాడు లేకుంటే క్లాసు నిద్రపోతుందమ్మా" అనేవారు. అంత నెమ్మదైన మనిషి పక్కన కూర్చుని రోజూ ప్రయాణం చేయడం నా అదృష్టం.

సారు కుప్పం వెళ్లేనాటికి మేం వింటున్న కథలో చివరి భాగం ఒక్కటే మిగిలింది, సోమవారం విందామనుకున్నాం. ఆయన పోయాక బడికి నేనూ హిందీ మేడమూ వేర్వేరు బస్సుల్లో వెళ్లేవాళ్లం. ఆమె తొందరగా బయల్దేరేది, నేను ఆలస్యంగా. స్టాఫ్ రూములో ఎదురుపడితే తలలూపుకునేవాళ్లం. మాట్లాడుకోవడానికి మాకు హత్య కూడా మిగల్లేదు. సారుతో పాటు ఈ స్నేహమూ పోయినట్టే అనుకున్నాను. చాలా బాధేసింది.

పెద్దకర్మకు మాత్రం ఒకే బస్సులో కుప్పం వెళ్లక తప్పలేదు. భోజనాలయ్యాక సారు భార్య మా ఇద్దర్నీ పక్కకు పిలిచింది.

"ఆ కత సివరిదాకా ఇనినారా అమ్మా?"

"లేదమ్మా. సారుతో కలిసి వినాలని ఆగాం."

"మా ఆయన శనివారమే ఇనేసుండాడు," అందామె. "ఇదొక్కటే కాదు, అన్ని కతలూ అంతే. ముందే ఇని, సంపినోడు ఎవురో తెలుసుకోనే మీ కాడికొస్తా ఉండె."

మేం తెల్లబోయాం. "మరి ఎప్పుడూ కవి పేరే చెప్పేవారు కదా?" అంది హిందీ మేడం.

"నేనూ అడిగితినమ్మా, తెలిసి కూడా యాల తప్పు సెప్తావని. 'నేను సరిగ్గా సెప్తే ఇద్దరూ నాతో మాట్లాడతారు. తప్పు సెప్తే వాళ్లిద్దరూ ఒకటవతారు' అనె."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. హిందీ మేడం అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సారు భార్యే మా ఇద్దరికీ నీళ్లు తెచ్చిచ్చింది.

తిరుగు బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దొరికింది. నేను కిటికీ పక్క, ఆమె ఈ చివర, మధ్యలో మా సంచులు. ఫోను ఎవరమూ తీయలేదు. చివరి భాగం వినాలంటే ముందు మేమిద్దరం మాట్లాడుకోవాలి. ఈసారి దివాను గురించి కాదు. మధ్యలో నిలబడి తప్పు చెప్పి మమ్మల్ని కలిపే మనిషి లేడు.

వి.కోటలో చామంతుల గంపతో ఒకామె ఎక్కింది. "రవ్వంత జరగండమ్మా" అంది.

హిందీ మేడం సంచులు రెండూ ఒళ్లోకి తీసుకుని మధ్యలోకి జరిగింది. ఆమె భుజం నా భుజానికి ఆనింది. బస్సు కదిలాక, నా వైపు చూడకుండానే, "పదో తరగతి నేనడగలేదు మేడం" అంది.

"నాకు కావాల్సింది ఈ మాటే" అన్నాను.

నా సంచి ఆమె ఒళ్లోనే ఉంది. మదనపల్లె వచ్చేదాకా ఆమె ఇవ్వలేదు, నేనూ అడగలేదు.