మాస్కు కట్టిన మాతంగి

వరసిద్ధి వినాయకుని సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. ఏదో మాటవరసకు వేసే ఒట్టు కాదిది. మా చిత్తూరు వైపు కోడిని ఎత్తుకుపోయినవాణ్ణయినా, పొలం గట్టు జరిపినవాణ్ణయినా కాణిపాకం తీసుకుపోయి, కోనేట్లో ముంచి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలబెట్టి ప్రమాణం చేయిస్తారనీ, మనసులో అబద్ధం పెట్టుకున్నవాడు నీళ్ళలో దిగగానే వణికిపోయి నిజం కక్కేస్తాడనీ మీరు వినే ఉంటారు. మొన్న ఆదివారం నేను ఆ కోనేట్లో నిండా మునిగి లేచాను, వణకలేదు. ఎండకు నీళ్ళు కాగిపోయి ఉన్నాయన్నది వేరే సంగతి.

ఆ తిరుగు ప్రయాణంలో చిత్తూరులో తిరుపతి బస్సు ఎక్కి, కిటికీ పక్క సీటు దొరికిన సంతోషంలో వేయించిన శనక్కాయలు నములుతూ ఉండగా నాకు దగ్గు వచ్చింది. అలాంటిలాంటి దగ్గు కాదు, కళ్ళలో నీళ్ళు తిరిగే దగ్గు. బస్సులో ఒక్కరూ తల తిప్పలేదు. నాకు ఆశ్చర్యం వేసి, ఈసారి కావాలనే, గొంతు చించుకుని ఇంకోసారి దగ్గాను. ముందు సీటులో గురక పెడుతున్న పెద్దమనిషి గురక కూడా ఆపలేదు. పక్కనున్న ఆవిడ తన బిడ్డకు తాపుతున్న నీళ్ళ సీసానే నా చేతికిచ్చి, "తాగప్పా, పొట్టు గొంతులో అడ్డం పడినట్టుండాది" అంది. బిడ్డ ఎంగిలి నీళ్ళు తాగుతూ చంద్రగిరి దాకా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఎంతో కాలం కాలేదు, ఆ దగ్గుకు బస్సు బస్సే ఖాళీ అయిపోయే రోజులు ఉండేవి కదా, అవన్నీ ఎవరికి జరిగినట్టు, మనకేనా అని.

నేను తిరుపతిలో టాక్సీ తోలేవాణ్ణి, ఇప్పుడూ తోలుతూనే ఉన్నాను. కొండ దిగిన యాత్రికులను కాళహస్తికీ కాణిపాకానికీ తిప్పడం నా పని అని లైసెన్సులో ఉంటుంది గానీ, అసలు పని కథలు చెప్పడం. స్వర్ణముఖి ఇసుకలో మా ముత్తాతకు పిడికెడు బంగారు పొడి దొరికితే మా ముత్తవ్వ దాన్ని పసుపనుకొని చారులో వేసిందనీ, ఆ చారు తాగినందుకే మా వంశంలో అందరి పళ్ళూ పచ్చగా ఉంటాయనీ చెబితే, వెనక సీటులోని పిల్లలు నా పళ్ళు చూడడానికి ముందుకు వంగేవాళ్ళు. వినేవాళ్ళకు మా ఊళ్ళో కొదవ ఉండేది కాదు. దేశంలోని మనుషులంతా మా వీధి చివర బస్సు దిగుతారని చిన్నప్పటినుంచీ నా నమ్మకం.

ఆ జబ్బు వచ్చి కొండ తలుపులు భక్తులకు మూసిన తరువాత మా ఊరిని చూసినవాళ్ళకే తెలుసు. బస్టాండు ఎదుట నడిరోడ్డు మీద కుక్కలు సంసారాలు పెట్టుకున్నాయి. నేను బండిని సందులో నిలిపి, రోజూ ఒక పూట అందులో కూర్చుని, అద్దంలో ఖాళీ సీటును చూస్తూ మా ముత్తాత కథ మొదలుపెట్టేవాణ్ణి. బంగారం దొరికేదాకా చెప్పి ఆపేసేవాణ్ణి, చారు దాకా మనసు పోయేది కాదు. మా అమ్మాయి పురుటికని నా భార్య నాయుడుపేట పోయి అక్కడే చిక్కుకుపోయింది. మనవరాలి ముఖం నేను మొదట చూసింది ఫోనులోనే. అందులో కథ మొదలుపెడితే సిగ్నల్ పోయేది, లేకుంటే నా భార్యే కట్ చేసేదేమో, ఇప్పటికీ నాకు అనుమానమే.

మొదటి ఏడాది మేము జబ్బును గురించి విన్నాం, రెండో ఏడాది జబ్బే మా సందును గురించి విన్నది. మూలింటి పెద్దనాన్నను ఆంబులెన్స్‌లో తీసుకుపోయారు. ఆయన మళ్ళీ రాలేదు, ఆయనను మేమెవరమూ మళ్ళీ చూడనూ లేదు. ఆ రోజునుంచి మా సందులో తలుపులు పాలవాడికి కూడా జానెడుకు మించి తెరుచుకునేవి కావు.

మా ఇంటికి ఎదురుగా మా మేనత్త ఉండేది. పిల్లలు లేరు, మామ పోయి చాలాకాలం. గంగమ్మ జాతర వచ్చిందంటే నాకు వేషం కట్టేది ఆవిడే. మా ఊరి జాతర సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెబుతాను. వెనకటికి పొగరుబోతు పాలెగాడొకడు ఆడబిడ్డలను చెరుస్తుంటే గంగమ్మ వాణ్ణి చంపడానికి బయలుదేరిందనీ, వాడు భయపడి దాక్కుంటే రోజుకొక వేషంలో ఊరంతా వెతికిందనీ కథ. అందుకే జాతరలో మగవాళ్ళు ఒకరోజు తెల్ల సుద్ద పూసుకుని బైరాగులవుతారు, ఒకరోజు కుంకుమ పూసుకుని బండ వేషం కడతారు, ఒకరోజు బొగ్గు పూసుకుని, ఊరి వెట్టి చేసే తోటి వేషం కడతారు, ఒకరోజు చందనం పూసుకుని దొరలవుతారు. ఆ తరువాత చీర కట్టి మాతంగులవుతారు. కలరాలూ మశూచికాలూ ఊరి జోలికి రాకూడదని మన పెద్దలు ఈ జాతరను పట్టుకున్నారు. చాటింపు వేసిన తరువాత ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదని కట్టుబాటు కూడా ఉంది. ప్రభుత్వం వాళ్ళు లాక్‌డౌన్ అని ప్రకటించినప్పుడు అత్త మూతి తిప్పుకుని, "ఇది చాటింపే కదబ్బా. వీళ్ళే కొత్తగా కనిపెట్టినట్టు చెప్తా ఉండారు" అన్నది.

రెండో ఏడాది కూడా జాతరకు జనాన్ని రానివ్వరని తెలిసిన వారంలోనే అత్తకు జ్వరం వచ్చింది. నర్సమ్మ వచ్చి, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి చూసి, మాత్రల పొట్లం ఇచ్చిపోయింది. అత్త వాకిలికి వేపమండలు కట్టింది. ఇంట్లో పోపు వేయడం మానేసింది. రాగంబలీ మజ్జిగా తప్ప మరేదీ ముట్టలేదు. మాత్రలను పసుపుగుడ్డలో ముడుపు కట్టి గంగమ్మ పటం ముందు పెట్టింది. నేను కిటికీ అవతలనుంచి ఎంత మొత్తుకున్నా ఒకటే మాట. "అమ్మ ఇంటికొచ్చినప్పుడు మందు మింగితే, వొచ్చిన సుట్టాన్ని మెడబట్టి గెంటినట్టు కాదా?"

అమ్మవారు పోసినప్పుడు మందు వాడకూడదని మనం చిన్నప్పుడు విన్నదే. నా ఈడువాళ్ళు అత్తను చూసి నవ్వరు. కానీ క్లిప్పులో అంకె దిగుతూ వచ్చింది. ఆ రోజు నర్సమ్మ గేటు దగ్గర నన్ను నిలబెట్టి, "రేపటికి ఇంకా దిగిందంటే ఆంబులెన్స్ పిలుస్తానన్నా, మీ అత్తకు నువ్వే చెప్పుకో" అనేసి పోయింది. అత్త లోపలినుంచి విన్నట్టుంది. "ఆడికి పోయిన మీ పెద్దనాయన వొచ్చినాడా? గడియ పెట్టుకుంటా ఉండా, వొస్తే తలుపు పగలగొట్టుకోమను" అన్నది. గడియ పడిన చప్పుడు నాకు వినిపించింది. మందు మింగకపోతే పోతావత్తా అని నేనంటే, "నువ్వు చెప్పినేది ఏ పొద్దు నిజమైంది గనక" అన్నది. నా జీవితంలో నేను చెప్పిన కొద్దిపాటి నిజాల్లో అదొకటి. దాన్ని నమ్మే మనిషి లేకపోయింది.

నా మాట చెల్లకపోతే చెల్లే నోరు ఒక్కటే ఉంది, గంగమ్మది. మధ్యాహ్నం కర్ఫ్యూ మొదలైన తరువాత బీరువా తెరిచి నా భార్య పెళ్ళి పట్టుచీర తీశాను. వేషం సొంతంగా కట్టుకోవడం నాకు అదే మొదటిసారి. కుచ్చిళ్ళు ఒకచోట నిలవవు, కొంగు నిలవదు. ముఖానికి పసుపు, నుదుట రూపాయంత బొట్టు, కాళ్ళకు గజ్జెలు, చేతుల్లో వేపమండలు అన్నీ కుదిరాయి గానీ మీసం ఒక్కటే కుదరలేదు. తీసేద్దామా అనుకుంటూనే బయటికి వచ్చాను. సందు మొదట్లో కట్టిన వెదురుబొంగుల దగ్గర కుర్చీలో కూర్చున్న కానిస్టేబుల్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. భక్తితోనో భయంతోనో తెలియదు. "యాడికమ్మా పోతా ఉండావు?" అన్నాడు. ఎదురింటికి అన్నాను. అతను జేబులోంచి కొత్త మాస్కు తీసి వెదురుబొంగు మీద పెట్టి దూరం జరిగి, "నువ్వైనా సరే తల్లీ, ఇది లేకుండా పోయేదానికి లేదు" అన్నాడు. కట్టుకున్నాను. మీసం కనపడకుండా పోయింది. అమ్మవారి మహిమ అని నేను ఎన్నో అబద్ధాలు చెప్పి ఉంటాను గానీ, కళ్ళారా చూసింది మాత్రం అదే.

అత్త కిటికీ పక్కన మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగమయింది. నేను గజ్జెలు మోగించి, గొంతు మార్చి, ఆ మాత్రలు పంపించింది నేనేననీ, పటం ముందు పెట్టడానికి కాదు మింగడానికనీ, నా ప్రసాదాన్ని కాదంటే ఊరుకోననీ గద్దించాను. అత్త నన్ను పాదాలనుంచి తలదాకా నిదానంగా చూసింది. ఊపిరి అందక ముక్కలుముక్కలుగా మాట్లాడింది.

"మొదటి దినం బైరాగి కదా తల్లీ రావాల్సింది. నువ్వేంది ముందే వొచ్చేసినావు?"

వరస నా బుర్రకు తట్టనే లేదు. చేతికి చీర దొరికింది, కట్టేశాను. తొందరలో వచ్చేశానని నసిగాను, గొంతు మార్చడం కూడా మరిచిపోయాను.

"ఆ చీర మా కోడలి పెండ్లిచీర మాదిరి ఉండాది" అన్నది అత్త. "ఆ పిల్ల నాయుడుపేట నుంచి వొచ్చి సూసిందంటే నిన్ను గుళ్ళో కూడా ఉండనియ్యదు తల్లీ." ఆ తరువాత కాసేపు ఆయాసపడి, "రేపు బైరాగిని పంపించు. జాతర వరస తప్పకుండా జరిగిందంటే నీ ప్రసాదం నేను మింగతా" అని, పటం వైపు చెయ్యి చాచి ముడుపు విప్పి, నేను చూస్తుండగానే మొదటి మాత్ర మజ్జిగతో మింగింది.

మరునాడు అంకె దిగలేదు. నర్సమ్మ ఆంబులెన్స్ మాట ఎత్తలేదు. నేను పౌడరు డబ్బా మొత్తం ఒంటికి పూసుకుని బైరాగినయ్యాను. ఆ మరునాడు కుంకుమ, ఆ తరువాత బొగ్గు. అత్త కిటికీలోంచే వీపు మీద పూత సరిగా అంటలేదనీ, వేపమండ ఎడమచేతికి మార్చుకోమనీ చెప్పడం, వేషానికొక మోతాదు మింగడం. ఇక మా సందు సంగతి చెప్పాలి. బైరాగి వచ్చిన రోజుకే గజ్జెల చప్పుడు విని జనం మిద్దెలెక్కారు. బండ వేషం నాటికి ప్రతి మిద్దె మీదా హారతి పళ్ళేలు వెలిగాయి, పైనుంచి పసుపునీళ్ళు నా మీద కుమ్మరించారు, ఎవరో తపేలాను పలకలాగా వాయించారు. తోటి వేషం నాడు ఎవరిని ఎంత తిట్టినా తప్పుపట్టకూడదు గదా, నేను ఆ జబ్బునూ దాని తల్లినీ దాని తాతనూ తిడుతుంటే మిద్దెలన్నీ ఈలలు వేశాయి. దొర వేషానికి పెద్దనాన్న ఇంటి మిద్దె మీదినుంచి కూడా ఎవరో పూలు చల్లారు. చివరకు మాతంగి మళ్ళీ వచ్చిననాడు అత్త తానే గడియ తీసి, గడప మీద నిలబడి, నా పాదాల దాకా చెంబుతో నీళ్ళు విసిరి, చేతులు జోడించింది. క్లిప్పులో అంకె అప్పటికి నర్సమ్మ మెచ్చుకునేంత పెరిగింది.

ఆ తరువాత అత్త బాగానే తిరిగింది. కిందటేడు చలికాలంలో, ఏ జబ్బూ లేకుండా, నిద్రలోనే పోయింది. పాడె కింద భుజం మార్చుకోవడానికి సందులోని మగవాళ్ళంతా వచ్చారు. ఇప్పుడు కొండ మీద జనం, బస్టాండులో జనం, జాతరలో కాలు పెట్టడానికి చోటు లేదు. నా వేషం పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు, వీపు మీద పూత సరిగా లేదని చెప్పేవాళ్ళు లేరు. బండి ఎక్కినవాళ్ళు ముత్తాత బంగారం కథకు ఇప్పటికీ నవ్వుతారు. ఆ రెండు వేసవుల మాట ఎత్తితే మాత్రం ఫోను చూసుకుంటారు. నా ఈడువాళ్ళు కూడా అంతే. ఎందుకప్పా ఇప్పుడది అంటారు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటి ఉంది. మిద్దెల మీద జనం లేరు. ఏ వేషం నాడూ ఎవరూ రాలేదు. గజ్జెలు వినబడితే తెరిచి ఉన్న ఒకటీ అరా కిటికీలు కూడా మూసుకున్నాయి, భయపడిన మనుషులను నేను తప్పుపట్టను. పెద్దనాన్న ఇంటికి తాళం ఉంది. ఎండలో, ఒంటినిండా బొగ్గు పూసుకుని, ఆ సందులో నేనొక్కణ్ణే ఎగిరాను, అత్త ఒక్కతే చూసింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నాకు ఈ జనం అవసరం రాలేదు. ఎవరైనా నమ్మకపోతే, "నేను సూసినా కదా" అనేది, ఆ మాట నాకు చాలేది. ఆవిడను సాగనంపి వచ్చిన తరువాతే నేను ఒక్కొక్కరినే మిద్దెలెక్కించడం మొదలుపెట్టాను.