వాక్‌మన్ వచ్చాక మా అక్క వినని పాటలు

మా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోతే ఇంట్లోవాళ్ళందరూ విసనకర్రలు వెతుక్కునేవారు... నేనూ అక్కా మాత్రం రేడియోలో బ్యాటరీలు పనిచేస్తున్నాయా లేదా అని చూసుకునేవాళ్ళం!

బెంగాల్లోని ఖిదిర్‌పూర్‌లో, నాన్న ఉద్యోగానికి ఇచ్చిన కార్పొరేషన్ క్వార్టర్స్ మావి. ఒకటే గది, ముందు చిన్న వరండా. తొంభైల్లో వచ్చాయే, సినిమాలతో పనిలేని హిందీ పాప్ పాటలు... వాటి పిచ్చిలో ఉన్నాం మేమిద్దరం. ఆదివారం మధ్యాహ్నం, ఆ వారం టాప్ పది పాటలనూ పదో నంబరు నుంచి ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చేవారు రేడియోలో. ఒకటో నంబరు దగ్గరికొచ్చేసరికి నాకు గుండె దడదడలాడిపోయేది.

అక్క నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. ఎనిమిదో క్లాసుతో చదువు ఆపేసింది. మెటియాబ్రుజ్ నుంచి దర్జీ దాదా ఒకాయన సైకిల్ మీద పిల్లల గౌన్ల మూట తెచ్చి పడేసేవాడు. అక్క గుమ్మంలో కూర్చుని వాటికి కాజాలు తీసేది, గుండీలు కుట్టేది. దారం పంటితో తెంపుతూనే తేల్చి చెప్పేసేది...

"ఈ వారం ఇదే ఎక్కుతాది సూడు."

నిజంగా అదే ఎక్కేది! "నానేటి సెప్పాను?" అని కళ్ళెగరేసేది. ఒక్కసారి వింటే చాలు, పాట మొత్తం దాని నోటికి వచ్చేసేది. హిందీ మాటలకి మన శ్రీకాకుళం యాస తగిలేది గానీ, రాగం మాత్రం ఎక్కడా తప్పేది కాదు.

సోమవారం స్కూల్లో అక్క చెప్పినవన్నీ నేనే ముందుగా కనిపెట్టానని కోతలు కోసేదాన్ని. "కీ కొరే జాన్లీ రే?" అని, ఎలా తెలిసిందే నీకని బెంగాలీ పిల్లలు నా చుట్టూ మూగేవాళ్ళు. అక్క పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు నేను... సిగ్గులేని మొహం!

మాధ్యమిక్, అంటే మన పదో తరగతి పరీక్ష పాసయ్యానని చినమామయ్య ఫ్యాన్సీ మార్కెట్లో వాక్‌మన్ కొనిచ్చాడు. అబ్బో... ఆ రోజు నా టెక్కు చూడాలి! దాంట్లో రేడియో కూడా వచ్చేది. "మీకు ఇది ఉంది కదా" అని నాన్న పాత రేడియోని నైట్ డ్యూటీకి పట్టుకెళ్ళి పంపుహౌస్‌లోనే పెట్టేసుకున్నాడు. ఆయన "మీకు" అన్నది ఇద్దరినీ కలిపి. నేను మాత్రం అది నాదే అనుకున్నాను.

అప్పట్నుంచీ ఆదివారం వస్తే హెడ్‌ఫోన్లు తగిలించుకుని మంచం మీద అడ్డంగా పడుకునేదాన్ని. గుమ్మంలోంచి అక్క అడిగేది, "ఏ పాటే? పైకొచ్చిందా?" అని. ఆగమని చేత్తో సైగ చేసేదాన్ని. పాట అయ్యాక చెబుదామనుకుంటే ఇంకో పాట మొదలైపోయేది. ఇంక చెప్పేదెక్కడ!

ఒకరోజు సూది పక్కన పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఒలే, కాసేపు నాకూ ఎట్టవే... సేతులకే కదా పని, సెవులు కాళీయే."

"బ్యాటరీలు అయిపోతాయక్కా" అన్నాను.

నేను వింటే అవని బ్యాటరీలు అక్క వింటే అయిపోతాయా అండీ? ఏం బుద్ధి నాది! అక్క వాదించలేదు, అలగలేదు. "సరేలే" అని లేచి మళ్ళీ మూట దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అడగడం మానేసింది. అప్పుడు నాకు హాయిగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి...

పెళ్ళయ్యి ఏక్‌బాల్‌పూర్ వెళ్ళేదాకా అక్క అలా కుడుతూనే ఉంది. నేను కాలేజీలో చేరాను, తర్వాత ఉద్యోగం. ఈ సంగతి నేను మర్చిపోయాను కూడా.

మొన్న దసరా పూజ సెలవుల్లో అందరం అక్క ఇంట్లో చేరాం. మీ కాలం పాటలు పాడండని పిల్లలు వెంటపడ్డారు. నేను ఎలాగో తప్పించుకున్నాను. అక్క అందుకుంది. అప్పట్లో వారాల తరబడి ఒకటో నంబరు నుంచి దిగని పాట... రెండు ముక్కలు పాడి, కాసేపు ఊఁ ఊఁ అని, మధ్యలో ఒక మాట గట్టిగా పలికి, మళ్ళీ ఊఁ ఊఁ. రాగం కూడా ఎటో పోయింది.

"పెద్దమ్మా, ఇదేం పాట!" అని మా అమ్మాయి పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఎన్నడూ రాగం తప్పని మనిషికి ఏమైందబ్బా అనుకున్నాను.

అక్క కూడా నవ్వేసింది. "నానెక్కడ ఇన్నానే ఆ పాట? మీ యమ్మ సెవులకి తగిలించీసుకుని పాడీది. అది పైకి ఎంత పాడితే నాకంతే వొచ్చు."

నా నవ్వు ఆగిపోయింది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మన గొంతు మనకి తెలీదు కదా... నేను పైకి పాడుతున్నానన్న సంగతే నాకు తెలీదు. ఆ ముక్కలనే ఏరుకుని, నా అపస్వరాలతో సహా ఇన్నేళ్ళూ దాచుకుంది మా అక్క. ఇన్నాళ్ళూ ఫోన్లో ఎవరైనా ఆ పాటలు షేర్ చేసి "ఎంత మంచి రోజులో" అని రాస్తే ఎగిరి గంతేసి లైకు కొట్టేదాన్ని. ఇప్పుడు వేలు ముందుకి పోవడం లేదు.

ఆ రోజు అక్కడే ఫోన్లో ఆ పాట వెతికి అక్కకి పెట్టాను. మొదటి నుంచి చివరిదాకా కదలకుండా వింది. అయ్యాక నా వైపు తిరిగింది.

"ఒలమ్మా... ఇంత పెద్ద పాటేటే ఇది!"

తప్పయిపోయిందక్కా అందామని నోరు తెరిచాను. అప్పటికే ఇంకోటి పెట్టమంటోంది.

ఇప్పుడు మా ఇంట్లో మనిషికో ఫోను, ఎవరి చెవుల్లో పాట వాళ్ళది. ఏ పాట అని ఎవరూ ఎవర్నీ అడగరు... మీ ఇంట్లో అలా అడిగి అడిగి ఊరుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళ గురించి కింద రాయండి. నేనొక్కదాన్నే ఇలా చేశానంటే భరించడం కష్టంగా ఉంది.