యలమంద మోసిన నూనె డబ్బా

నూజివీడులో నరసింహులు గారి నూనె కొట్టులో యలమంద మోత మనిషి. పదహారు కిలోల డబ్బాని భుజాన పెట్టుకుని కొన్నవాళ్ల వంటింటి దాకా తెచ్చి దించేవాడు. ఇరవై ఏళ్లుగా అదే బతుకుతెరువు.

1962 వేసవి, ఆవకాయల రోజులు. మా ఆవిడ పురమాయిస్తే సందెవేళ నువ్వుల నూనెకి వెళ్లాను. కొట్టులో అప్పుడే దీపం పెట్టారు. ఎవరో గిన్నె ఒలకబోసుకుని పోయారు. నాపరాళ్ల మీద నూనె మడుగు కట్టింది.

"ఊక చల్లి ఊడ్చేస్తానండీ," అన్నాడు యలమంద.

"దీపం పెట్టాక చీపురు పడతావేంట్రా? లక్ష్మిని బయటికి ఊడ్చేస్తావా? పొద్దున చూద్దువుగాని," అన్నారు నరసింహులు గారు.

ఎవరూ జారకూడదని యలమంద దాని మీద గోనెసంచి పరిచాడు. పరిచినవాడే, నా డబ్బా ఎత్తుకుని వస్తూ, దాని మీద కాలేశాడు. సంచీతో సహా జారాడు. డబ్బాని మాత్రం వదల్లేదు, గుండెకి కరుచుకున్నాడు. తుంటి వెళ్లి రాతికి కొట్టుకుంది.

అందరం నవ్వాం. నేను ఇంకాస్త ముందుకెళ్లి, "డబ్బా సొట్ట పోలేదు కదా?" అని అడిగాను. ఈ సంగతి మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

"చుక్క పోలేదండీ," అని యలమంద కూడా నవ్వాడు. లేవబోయి, లేవలేకపోయాడు.

కట్టు కట్టించుకుని మూడు నెలలు మంచం పట్టాడు. భార్య బసవమ్మ నాట్లకి వెళ్లి ఇల్లు నడిపింది. నరసింహులు గారు చెడ్డవారేం కాదు. "డబ్బా మోయగలిగితే రమ్మనండి. లేకపోతే ఇంకొకణ్ణి చూసుకోవాలి," అని నా చేతే కబురంపారు.

శ్రావణంలో వచ్చాడు. వేసవి నూనె ఇంట్లో సగం అలాగే ఉన్నా ఇంకో డబ్బా కొన్నాను.

"మీరు ముందు నడవండి పంతులుగారూ. ఎనకనించి చూస్తే నాకు సిగ్గండీ."

ముందు నడిచాను. వెనక ఒక అడుగు గట్టిగా, ఒకటి ఈడుస్తూ వినిపిస్తోంది. వీధి మలుపులో ఆ చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే డబ్బాని ఎవరిదో అరుగు మీద దించి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఒళ్లంతా చెమట.

"చెరో చెయ్యి వేద్దాం పట్టు. కొట్లో ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"ఇయ్యాల మీరేస్తారు. రేపెవరేస్తారండీ?"

తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. డబ్బా దగ్గర నన్ను ఉండమని, ఇక మోయలేనన్న మాట కొట్లో తనే చెప్పొస్తానని వెనక్కి తిరిగాడు.