పాత పేపర్లో మా నాన్న పేరు

మొన్న కూరగాయలకని అశోక్ చౌక్ దాకా నడిచి వెళితే, అక్కడ కట్టిన పెద్ద ఫ్లెక్సీ మీద ఎవరో స్వామివారి ప్రవచనాల ప్రకటన, దాని కింద ఆయన జీవిత విశేషాలు కనిపించాయి. నిలబడి అన్నీ చదివాను. వాచనాలయంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినదాన్ని కదా, ఎవరైనా తన గురించి తాను చెప్పుకుంటే, అది ఎక్కడైనా రాసి ఉందా అని మనసు వెతుకుతుంది. ఆ అలవాటు నాకు ఉద్యోగం వల్ల రాలేదు, బీడీలు చుట్టే మా అమ్మ వల్ల వచ్చింది.

నాకు కొత్తగా ఉద్యోగం దొరికిన ఏడు, మరాఠీ ఊరే అయినా తెలుగువాళ్లం ఎక్కువగా ఉండే జోడ్‌భావి పేట్‌లోని మా గల్లీకి ఒక స్వామి వచ్చి, మావాళ్ల సమాజం హాలులో దిగి, వారం రోజులు సాయంత్రం పూట ప్రవచనం చెప్పాడు. ఊరూరా తిరిగే మనిషే అయినా, తాను పుట్టింది ఈ పేటలోనేనని, పడుచుతనంలో ఇక్కడి మిల్లులోనే మగ్గం నడిపానని, మొదటిరోజే తన పాత పేరు, ఇంటిపేరుతో సహా చెప్పుకునేసరికి జనం పొంగిపోయారు. మూడో రోజున, మిల్లు దూది గోదాముకు నిప్పంటుకున్నప్పుడు పొగలోకి దూరి, స్పృహ తప్పిన తోటి కార్మికుణ్ణి భుజాన వేసుకుని బయటికి తెచ్చానని, ఆ క్షణంలోనే తనకు వైరాగ్యం కలిగిందని చెప్పాడు. అందరూ చేతులు జోడించారు. మా అమ్మ జోడించలేదు.

ఆ మంటల్లోంచి ఒక మనిషిని మోసుకొచ్చింది మా నాన్న అని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరిని తెచ్చాడో మాత్రం నాన్న ఏనాడూ చెప్పలేదు, ఆయన మాటలు తక్కువ మనిషి. ఆ పొగ ఛాతీలో ఉండిపోయి, ఏళ్ల తరబడి దగ్గి దగ్గి, నేను పదో తరగతిలో ఉండగా పోయాడు.

నేను కోపంతో ఊగిపోతుంటే, అమ్మ మరునాడు పొద్దున తునికాకు కత్తిరిస్తూ నెమ్మదిగా అంది. "మీ వాచనాలయంల పాత పేపర్లుంటయంటివి గద, పోయి చూడు. లోపలికి పోయింది మీ నాయన ఒక్కడే అని నేను విన్న. ఇద్దరు పోయుంటే స్వామి చెప్పేది ఖరే అయితది. ఉత్తగనే ఒకల్ని అబద్ధాలోడు అనొద్దు."

అమ్మకు తేదీలు తెలియవు. తమ్ముడు కడుపులో పడ్డ వానాకాలం అని మాత్రం చెప్పింది. ఆ లెక్కన నేను మధ్యాహ్నం విరామంలో దుమ్ము పట్టిన మరాఠీ పేపర్ల కట్టలు ఒక్కొక్కటే విప్పి, మూడో రోజుకు లోపలి పేజీలో అడుగున చిన్న వార్త పట్టుకున్నాను. పొగలోకి వెళ్లిన కార్మికుడు ఒక్కడే. ఇంటిపేరు ఒక అక్షరం తప్పు పడినా, అది మా నాన్న పేరే. ఆయన మోసుకొచ్చిన మనిషి పేరు మళ్లీ మళ్లీ చదివాను. అది స్వామి తన నోటితో చెప్పుకున్న పాత పేరు.

పేపర్ కూడా పొరపాటు పడవచ్చని అమ్మ నన్ను వెంటబెట్టుకుని బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌కు తీసుకెళ్లింది. అప్పటి మిల్లు ముకద్దం, అంటే కార్మికుల మీద అజమాయిషీ చేసిన పెద్దాయన, అక్కడ కూతురి దగ్గర ఉండేవాడు. ఆయన నా చేయి పట్టుకుని, "మీ నాయననే బిడ్డా. ఆ పిల్లగానికి పాణం పోయిందే అనుకున్నం" అన్నాడు.

ప్రవచనాల ఆఖరి రోజు పొద్దున్నే అమ్మ నన్ను తీసుకుని హాలుకు వెళ్లి, స్వామి ఉన్న గది గుమ్మంలో కూర్చుని, నేను రాసుకొచ్చిన కాగితం ఆయన ముందు పెట్టి, "నాకు చదువు రాదు స్వామీ, మీరే చదువుండ్రి" అంది. ఆయన రెండుసార్లు చదివాడు. వేదిక మీది గ్రాంథికం పోయి, మా గల్లీ భాష నోట్లోకి వచ్చింది. "నాకు ఒక భుజం మీద ఊగుడు ఒక్కటే యాదికున్నదక్కా. ఎవరి భుజమో తెల్వదు. దావఖానల కండ్లు తెరిచినంక సీదా పుణె పోయిన. ఊరూర చెప్పంగ చెప్పంగ ఆ భుజం నాదే అయింది."

తిడుతుందనుకున్నాను. అమ్మ, "బతికినవ్, మంచిగైంది. ఇయాల మా ఆయన పేరు చెప్పు, సాలు" అని లేచింది. అంతవరకు ఆయన్ని "మీరు" అన్న మనిషి, ఆ ఒక్కసారి సొంత తమ్ముడితో మాట్లాడినట్టే మాట్లాడింది.

ఆ సాయంత్రం స్వామి మా నాన్న పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, తాను చెప్పింది తప్పని ఒప్పుకుని, మేము కూర్చున్న వైపు దండం పెట్టాడు. హాలు హాలంతా వెనక్కి తిరిగి చూసింది. అమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. నాకు జీవితంలో చాలా సన్మానాలు జరిగాయి కానీ, ఆ సాయంత్రం అమ్మ పక్కన కూర్చున్నప్పుడు పొంగినట్టు నా గుండె మళ్లీ పొంగలేదు.

ఇప్పుడు ఆ మిల్లు లేదు, అమ్మ వెళ్లిపోయి కూడా చాన్నాళ్లయింది. ఆ రోజుల్లో ప్రవచనం చెప్పేవాళ్లు మన గల్లీలోనే వారం ఉండి, మన ఇళ్లలోంచి వెళ్లిన జొన్నరొట్టే తినేవారు. అనుమానం వస్తే వెళ్లి అడిగేవాళ్లం, వాళ్లూ తల దించుకుని వినేవారు. ఇవాళ కారు దిగి, మాట్లాడి, కారెక్కి వెళ్లిపోతున్నారు. వాళ్లు చెప్పింది నిజమో కాదో ఇంట్లో కూర్చునే ఫోన్‌లో వెతికి చూడగలను. చూశాక, ఎవరి గుమ్మంలోకి వెళ్లి కూర్చోవాలో మాత్రం తెలియడం లేదు.